నాలుగో ఏడాది జీతాలు ఎవరిస్తారు? పిల్లల వైద్య పరిశోధనలో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం నిలబడాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. మీది ట్రస్టు నడిపే పిల్లల ఆసుపత్రి. ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థ, పరీక్ష కిట్లు తయారుచేసే ఒక కంపెనీ, మీరు కలిసి పసికందుల సెప్సిస్ మీద, అంటే రక్తానికి సోకే ఇన్ఫెక్షన్ మీద, ఐదేళ్ల అధ్యయనం మొదలుపెట్టబోతున్నారు. పదిహేను వందల మంది పిల్లలు, ఒక్కొక్కరినీ రెండేళ్లపాటు గమనించాలి. చివరికి కొన్ని గంటల్లో ఫలితం చెప్పే కిట్ ఒకటి బయటికి రావాలి. కిట్ కంపెనీకి చెందిన గ్రూపు నుంచే మొదటి మూడేళ్లకు సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాల్సిన) డబ్బు వస్తోంది. ఆ తర్వాత ప్రాజెక్టు తన కాళ్ల మీద తను నిలబడాలని మీ ట్రస్టీలు అంటున్నారు. శాంపిళ్ల మీదా డేటా మీదా పూర్తి హక్కు తనకే కావాలని కంపెనీ అడుగుతోంది.

నేను డాక్టర్ని కాను. ఇరవై రెండేళ్లుగా పిల్లల ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టుల గ్రాంట్లు, బడ్జెట్లు, ఆడిట్లు చూస్తున్నదాన్ని. అందుకే సైన్సు గురించి మాట్లాడను, డబ్బు గురించే చెబుతాను.

ముందుగా సూటిగా జవాబు. చేతికొచ్చిన మూడేళ్ల డబ్బుతో మీ కష్టం తీరలేదు. నాలుగో ఏడాది ఏప్రిల్ నెలాఖరున ఫీల్డ్ వర్కర్ల జీతం ఏ ఖాతాలోంచి పడుతుంది? ఐదో ఏడాది చివర్లో ఆ కిట్‌ను ఎవరు, ఏ ధరకు, ఎన్ని కొంటారు? ఈ రెండింటికీ సంతకాల రోజే ఎంఓయూలో, అంటే మీ ముగ్గురి అవగాహన ఒప్పందంలో, జవాబు ఉండాలి. నేను చూసిన భాగస్వామ్యాల్లో కూలిపోయినవి చాలావరకు ఈ రెండు చోట్లే కూలాయి. సైన్సు బాగా లేక ఆగినవి తక్కువ.

నిలబడిన దానితో మొదలుపెడతాను. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారయ్యే రోటావాక్ గురించి, అంటే పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌ను అడ్డుకునే చుక్కల టీకా గురించి, మీకు తెలిసే ఉంటుంది. దాని వెనక డబ్బు నడిచిన తీరు మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన సహచరులు పసిపిల్లల వార్డులో ఒక విషయం గమనించారు. పిల్లలకు రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు లేవు. అలా సోకిన పిల్లలకు ఆ తర్వాత రోటావైరస్ జబ్బు తీవ్రంగా రాకుండా రక్షణ కూడా కనిపించింది. ఆ వైరస్‌ రకానికి 116ఈ అని పేరు పెట్టారు. బెంగళూరులో ఇలాంటిదే ఐ321 అనే మరో రకం దొరికింది. 1987లో మొదలైన భారత-అమెరికా వ్యాక్సిన్ కార్యక్రమం కింద ఎయిమ్స్, మన బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలైన ఎన్‌ఐహెచ్, సీడీసీ, అక్కడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీని మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. ఆ దశ ప్రధానంగా ప్రభుత్వాల డబ్బుతోనే నడిచింది. 1996లో పుట్టిన భారత్ బయోటెక్ ఇందులోకి వచ్చింది ఆ తర్వాతే. గేట్స్ ఫౌండేషన్ డబ్బు పాత్ అనే సంస్థ ద్వారా తోడైంది.

తొలి దశ ట్రయల్లో రెండు రకాలనూ పిల్లలకు ఇచ్చి చూశారు. ఐ321కు స్పందన బలహీనంగా వచ్చింది, పక్కన పెట్టేశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ పక్కన పెట్టిన రకం మీద పెట్టిన ఖర్చు ఎవరికి పడింది? పరిశోధన నిధులకు పడింది. కొత్తగా పెట్టిన ఒక కంపెనీ ఆ ఓటమిని తన బ్యాలెన్సు షీటులో మోయాల్సి వచ్చి ఉంటే కథ అక్కడే ముగిసేదేమో. భాగస్వామ్యంలో ప్రభుత్వం పని డబ్బివ్వడంతో అయిపోదు. ఏది ఫలిస్తుందో తెలియని తొలి ఏళ్ల నష్టాన్ని అది తన మీద వేసుకోవాలి. మీ ఎంఓయూలో, కిట్ తొలి నమూనా విఫలమైతే రెండో నమూనా ఖర్చు ఎవరిది అన్న మాట ఉందా? మీరు రాసిన వివరాల్లో నాకు కనిపించలేదు.

ఈలోగా 1999లో అమెరికాలో రోటాషీల్డ్ అనే వ్యాక్సిన్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కొందరు పిల్లల్లో పేగు పక్క పేగులోకి దూరుకుపోయే ప్రమాదం కనిపించడమే కారణం. దాంతో తర్వాత వచ్చిన రెండు విదేశీ వ్యాక్సిన్లు ఒక్కొక్కటి 60,000 మందికి పైగా పసిపిల్లల మీద ట్రయల్ చేయాల్సి వచ్చింది. అంత ఖర్చు పెట్టగలిగినవి ఆ బహుళజాతి కంపెనీలే. పెట్టినందుకు తగ్గట్టే ధర ఉండేది, మన ప్రైవేటు ఆసుపత్రుల్లో డోసు వెయ్యి రూపాయలకు పైమాటే. మన ట్రయల్ ఢిల్లీ, పుణె, వేలూరు కేంద్రాల్లో 6,799 మంది పిల్లలతో జరిగింది. 2013 మే నెలలో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి తొలి ఏడాదిలో దాదాపు 55 శాతం రక్షణ. పేగు ప్రమాదం గురించిన నిఘా మాత్రం టీకా జనంలోకి వెళ్లాక కూడా ఆసుపత్రుల్లో కొనసాగింది.

కానీ ఈ భాగస్వామ్యాన్ని బతికించినది ధర గురించి ముందే ఇచ్చిన మాట అని నా నమ్మకం. ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకే ఇస్తానని కంపెనీ ఒప్పుకుంది. 2013 లెక్కలో అది 55 రూపాయల దరిదాపు. డాలరుకు అమ్మి కంపెనీ ఎలా బతుకుతుందని నన్ను చాలామంది అడిగారు. దేశంలో ఏటా పుట్టే పిల్లలు సుమారు రెండున్నర కోట్లు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఒక్కొక్కరికి మూడు డోసులు. ఏడున్నర కోట్ల డోసులు ఏటేటా కొనే ఖాతాదారు ఒకే ఒక్కరు, భారత ప్రభుత్వం. 2014 జనవరిలో లైసెన్సు వచ్చింది, ఆ ఏడాది జూలైలోనే సార్వత్రిక టీకాల కార్యక్రమంలో రోటావైరస్ టీకా చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. 2016 మార్చిలో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, తక్కినవి ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. 2019 నాటికి దేశమంతా చేరింది. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత దక్కాక పాలస్తీనా, ఘనా లాంటి దేశాలకూ వెళ్లింది.

తక్కువ ధరకు ఎక్కువ కొనుగోలు తోడైతేనే లెక్క సరిపోతుంది. ధర మాట తీసుకుని కొనుగోలు మాట ఇవ్వకపోతే కంపెనీ మునుగుతుంది. కొనుగోలు మాట ఇచ్చి ధర మాట తీసుకోకపోతే ఖజానా మునుగుతుంది. ఈ రెండోది తప్పించడానికే అనుకుంటాను, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వారి రోటాసిల్‌ను కూడా ప్రభుత్వం కొంటోంది. ఒక్క కంపెనీ మీద ఆధారపడితే ఏమవుతుందో 2018లో పశ్చిమాఫ్రికా చూసింది. అక్కడి నాలుగు దేశాలకు తన రోటావైరస్ టీకా రోటాటెక్ సరఫరా ఆపేస్తున్నానని మెర్క్ కంపెనీ, పేద దేశాలకు టీకాలు సమకూర్చే గవీ సంస్థకు చెప్పేసింది. ఆ దేశాలు వేరే వ్యాక్సిన్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. సరఫరా కొంతకాలం ఆగినా, ఆ నెలల్లో పుట్టిన పిల్లల వయసు ఆగదు. రోటావైరస్ టీకాకు వయసు హద్దు ఉంటుంది, దాటిపోయిన బిడ్డకు మళ్లీ వేయరు.

ఇంకో మాట. వైరస్ దొరికినప్పటి నుంచి టీకా అనంతపురంలోనో శ్రీకాకుళంలోనో ఏఎన్‌ఎం చేతికి అందేసరికి ముప్పై ఏళ్లు పట్టింది. మీ ట్రస్టీలు అడుగుతున్నది ఐదేళ్లలో సొంత కాళ్ల మీద నిలబడే ప్రాజెక్టు. ఆ కోరిక తప్పని నేనను. ఏ భాగం ఎప్పటికి నిలబడాలి, ఏ భాగం ఎన్నటికీ గ్రాంటు మీదే నడవాలి అని విడదీసి చూపించడం మాత్రం మీ బాధ్యత.

ఎన్నటికీ గ్రాంటు మీదే నడిచే భాగం పిల్లల్ని వెంటబడి గమనించడం. వేలూరు సీఎంసీ వాళ్లు 2002 నుంచి 452 మంది పసిపిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్లు గమనించారు. రెండు వారాలకోసారి మలం శాంపిలు, వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్లి పలకరింపు. మూడేళ్లూ పూర్తయ్యేదాకా నిలిచినవారు 373 మంది. మెక్సికోలో రెండుసార్లు రోటావైరస్ సోకిన పిల్లలకు తర్వాత ఓ మాదిరి జబ్బు కూడా రాలేదు. వేలూరు పిల్లలకు మూడుసార్లు సోకినా పూర్తి రక్షణ రాలేదని ఆ అధ్యయనం చూపింది. మన దేశంలో రోటావైరస్ వ్యాక్సిన్లు పాశ్చాత్య దేశాల్లో పనిచేసినంతగా ఎందుకు పనిచేయవో అర్థం కావడానికి అది చాలా అవసరమైన సంగతి. దాన్ని ఏ కంపెనీ కొంటుంది? ఎవరూ కొనరు. అమ్ముకోగలిగిన వస్తువు అందులో లేదు. కానీ అది లేకుండా అమ్ముకునే వస్తువును అంచనా వేయడం కుదరదు.

ఈ ఖర్చు బడ్జెట్లలో ఎందుకు కనబడదో నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో పుట్టిన పిల్లల్ని నెలనెలా చూడాలి. ప్రొటోకాల్ ఢిల్లీలో రాశారు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో అని వాళ్లకు తట్టలేదు. ఆసుపత్రిలో నమోదైన తల్లి చిరునామా పుట్టింటిది. మూడో నెలో ఐదో నెలో బిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి వెళ్లిపోతుంది, ఆ ఊరు ఎనభై కిలోమీటర్ల అవతల ఉంటుంది. మా ఫీల్డ్ వర్కర్ ఒకావిడ ఉండేది. మొదటి రోజే తల్లిని కూర్చోబెట్టి అత్తగారి ఊరు, మామగారి పేరు, ఆ ఊళ్లో బస్సు ఆగే చోటు, పక్కింటివాళ్ల ఫోన్ నంబరు, ఇవన్నీ తన సొంత నోటుబుక్కులో రాసుకునేది. ఫారంలో వాటికి గడి లేదు. ప్రయాణ ఖర్చుల కింద బడ్జెట్‌లో ఉన్నది లోకల్ ఆటో చార్జీ. ఆవిడ బస్సు టికెట్లు ఆడిట్‌లో నిలిచిపోయేవి. నేను ప్రతి మూడు నెలలకూ వివరణ రాసి పంపేదాన్ని.

మూడో ఏడాది పూర్తయింది. తర్వాతి విడత ఆమోదం వచ్చింది కానీ డబ్బు రావడానికి ఏడు నెలలు పట్టింది. సైంటిస్టులకు జీతాలు సంస్థ ఇస్తుంది కాబట్టి వాళ్లు ఉన్నారు. ఫీల్డ్ వర్కర్లు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, వెళ్లిపోయారు. ఆ నోటుబుక్కూ వెళ్లిపోయింది. మళ్లీ డబ్బు వచ్చాక కొత్తవాళ్లను పెట్టి వెతికిస్తే చాలా కుటుంబాలు దొరకలేదు. దొరికిన తల్లుల్లో కొందరు తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. "ఇన్నాళ్లూ ఏమైపోయారమ్మా, బిడ్డకు జ్వరమొస్తే మీకే ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు" అని ఒకామె అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మధ్యలోనే ఒక మే నెల ఆదివారం మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ కంప్రెసర్ పోయింది. దాని నిర్వహణ కాంట్రాక్టు గ్రాంటుతోపాటే ముగిసిపోయింది. డ్రై ఐస్ తెప్పించేలోపు రెండు అరల శాంపిళ్లు కరిగాయి. పసిపిల్లల దగ్గర ఒక్కోసారి ఒక్క మిల్లీలీటరు కూడా తీసుకోని రక్తం అది. మళ్లీ తీసుకోవడానికి ఆ పిల్లలకు ఆ వయసు తిరిగి రాదు కదా.

అందుకే మీ బడ్జెట్‌లో ఆరు నెలల ఫీల్డ్ జీతాలు, ఫ్రీజర్ నిర్వహణ, జనరేటర్ డీజిల్ కలిపి ఒక విడి నిధిగా పెట్టించండి. అది ప్రభుత్వ గ్రాంటులోంచి పెట్టడం కుదరదు. ఖర్చు కాని సొమ్ముకు ప్రతి ఏడాదీ లెక్క చెప్పాలి, దాని మీద వచ్చిన వడ్డీ కూడా ఖజానాకు తిరిగి కట్టాలి, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లి ఆమోదం పొందితే గానీ తర్వాతి విడత కదలదు. అక్కడ ఎవరి దుర్బుద్ధీ లేదు, ప్రజాధనానికి ఉండాల్సిన కట్టుబాటే అది. కానీ బిడ్డ ఎదుగుదల ఆర్థిక సంవత్సరాన్ని చూసి ఆగదు కాబట్టి ఆ సందు పూడ్చే బాధ్యత ట్రస్టుదో కంపెనీదో కావాలి. ట్రస్టీలకు ఇదొక్కటే గట్టిగా చెప్పగలిగితే చాలు. భవనానికి దాతలు దొరుకుతారు, ఈ ఆరు నెలలకు దొరకరు.

రేపు విదేశీ ఫౌండేషన్ డబ్బు వస్తే సర్దుకుందామనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని 2020లో సవరించాక, వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పరిపాలన ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. మీ ముగ్గురిలో ఎవరి పేరున వస్తే వాళ్లే ఖర్చుపెట్టాలి.

ఇప్పుడు సీఎస్‌ఆర్ సంగతి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. డబ్బిస్తున్న కంపెనీ, కిట్ తయారుచేసే కంపెనీ ఒకే గ్రూపువని రాశారు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద ఖర్చుపెట్టే సొమ్ము కంపెనీ మామూలు వ్యాపారంలో భాగమైన పనికి వాడకూడదు. కోవిడ్ పరిశోధనకు మాత్రం కొన్నేళ్లు మినహాయింపు ఉండేది, అది 2022-23తో ముగిసింది. తమ కిట్‌ను పరీక్షించుకునే అధ్యయనానికి తమ సీఎస్‌ఆర్ వాడారని రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మూడేళ్ల డబ్బు మీదా నీడ పడుతుంది. ఒకే గ్రూపులో వేర్వేరు కంపెనీలైనా సరే, కంపెనీ సెక్రటరీ దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోకుండా ముందుకు వెళ్లవద్దు. నేనైతే రెండుగా చీల్చేదాన్ని. పిల్లల నమోదు, గమనింపు, సెప్సిస్ ఎంతమందికి ఏ క్రిముల వల్ల వస్తోందన్న భాగం సీఎస్‌ఆర్ కింద. కిట్ పనితీరు పరీక్ష భాగం కంపెనీ సొంత పరిశోధన ఖర్చు కింద, మామూలు కాంట్రాక్టుగా, మీ ఆసుపత్రి ఓవర్‌హెడ్ (కరెంటు, కార్యాలయం లాంటి నిర్వహణ ఖర్చు) కూడా కలిపి.

ఓవర్‌హెడ్ అనగానే సీఎస్‌ఆర్ అధికారులు అయిదు శాతం హద్దు చూపిస్తారు. ఆ హద్దు కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడపడానికి పెట్టుకునే ఖర్చుకు. ప్రాజెక్టు నడిపే మీ ఖర్చుకు వర్తించదు. ఈ ఒక్క అపోహ వల్ల ఎన్ని ఆసుపత్రులు కరెంటు బిల్లు, ఎథిక్స్ కమిటీ ఖర్చు తమ జేబులోంచి కట్టుకుంటున్నాయో చెప్పలేను. ఇంకొకటి, కొనసాగే ప్రాజెక్టుగా నమోదు చేయించుకుంటే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు వాడుకోవచ్చు. కాగితం మీద అది నాలుగో ఏడాదికి దారి. ఇప్పుడే అలా నమోదు చేయించండి, మధ్యలో మార్పించడం కష్టం.

కిట్‌ను ఎవరు కొంటారన్న దానికి వద్దాం. పసికందుల సెప్సిస్ ఎక్కువగా చూసేది జిల్లా ఆసుపత్రుల్లోని ఎస్‌ఎన్‌సీయూలు, అంటే జబ్బుపడిన నవజాత శిశువుల ప్రత్యేక వార్డులు. అక్కడ రక్తం కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోగా డాక్టరు అంచనాతోనే యాంటీబయాటిక్ వేయాలి. కాబట్టి అవసరం నిజం. కానీ అవసరం ఉన్నంత మాత్రాన కొనుగోలు ఇండెంటు రాదు. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు, పరికరాలు కొనే సంస్థలు, తెలంగాణలో టీజీఎంఎస్‌ఐడీసీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎంఎస్‌ఐడీసీ, టెండర్లు పిలిచి కొంటాయి. టెండర్లో తక్కువ ధర వేసినవాళ్లకే పని దక్కుతుంది, కొత్త కిట్ అక్కడ పాత చవక పరీక్షతో పోటీ పడాలి. అందుకని మొదటి రోజు నుంచే ఖర్చు లెక్కలు సేకరించండి. కిట్ వల్ల ఎన్ని రోజుల యాంటీబయాటిక్ తగ్గింది, ఎన్ని పడక రోజులు మిగిలాయి. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017 నుంచి వైద్య సాంకేతికతల ఖర్చు-ప్రయోజనం అంచనా వేసే వ్యవస్థ ఒకటి నడుస్తోంది, హెచ్‌టీఏఇన్ అంటారు. వాళ్లకు కావలసిన రూపంలో మీ డేటా ఉంటే రాష్ట్రాన్ని ఒప్పించడం తేలిక. చివరి ఏడాదిలో పాత కేసు షీట్లు తిరగేసి ఆ లెక్కలు తీయడం నేను చేశాను, సగం దొరకవు.

మార్కెట్ మరీ చిన్నదైతే ఏం చేస్తారో హెచ్‌ఐవీ పిల్లల మందుల్లో చూడండి. 2020 నాటికి ప్రపంచంలో హెచ్‌ఐవీతో ఉన్న పిల్లలు సుమారు 17 లక్షలు, దాదాపు అందరూ పేద దేశాల్లోనే. నీళ్లలో కరిగే పిల్లల డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మాత్ర తయారీకి అంతర్జాతీయ ఆరోగ్య నిధి సంస్థ యునిటెయిడ్, క్లింటన్ ఆరోగ్య సంస్థ జనరిక్ కంపెనీలకు ముందే ప్రోత్సాహక సొమ్ము ఇచ్చాయి. బదులుగా గరిష్ఠ ధరకు మాట తీసుకున్నాయి. వయాట్రిస్, మాక్లియాడ్స్ తయారుచేశాయి. వయాట్రిస్‌లో భాగమైన మైలాన్ లేబొరేటరీస్ కేంద్రం మన హైదరాబాదే. ఒక బిడ్డకు ఏడాది మందుల ఖర్చు 400 డాలర్ల పైనుంచి 120 డాలర్ల లోపుకు దిగింది. అయితే అదే కథలో ఇంకో భాగం ఉంది. అంతకు ఏడాది ముందే, 2019లో, లాభాపేక్ష లేని మందుల పరిశోధన సంస్థ డీఎన్‌డీఐ, సిప్లా కంపెనీ కలిసి నాలుగు మందులు కలిపిన పిల్లల గుళికల పొడి ప్రకటించాయి. ఏళ్ల శ్రమ. చేదు తెలియకుండా చేయడానికే ఎంతో పనిచేశారు. అది పిల్లలకు చేరేలోపే డోలుటెగ్రావిర్ వచ్చి మొదటి ఎంపిక అయిపోయింది. ఆ శ్రమ వృథా అని నేను అనను, డోలుటెగ్రావిర్ పడని పిల్లలకు అది కావాలి. కానీ పెట్టిన డబ్బు అమ్మకాల్లో తిరిగి వస్తుందన్న లెక్క మీదే ఆ ప్రాజెక్టు నిలబడి ఉంటే మధ్యలోనే ఆగిపోయేది. మీ కిట్‌కూ అదే ప్రమాదం ఉంది, ఐదేళ్లలో మరొకరు మెరుగైనది తేవచ్చు. రాయల్టీ వస్తుందని, దాంతో పిల్లల్ని గమనించే పని నడుస్తుందని ట్రస్టీలకు చెప్పకండి. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

డబ్బు లెక్కల్లో ఎవరూ రాయని పద్దు ఇంకొకటి ఉంది, నమ్మకం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు మీకు గుర్తుండే ఉంటుంది. పాత్, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసినది, టీకా తయారీదారు ఉచితంగా ఇచ్చినది. అదీ ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమే. కొందరు పిల్లల మరణాలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయించింది. ఆ మరణాలకు టీకా కారణంగా కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ గిరిజన హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టారని అదే విచారణలో బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడే టీకా జాతీయ కార్యక్రమంలోకి రావడం ఆ తర్వాత పదేళ్లకు పైగా వెనకబడింది. అనుమతి తీసుకునే దగ్గర మిగుల్చుకున్న కొద్దిపాటి సమయానికి ఒక తరం ఆడపిల్లలు మూల్యం చెల్లించారు. భద్రాచలం ఏజెన్సీలో అనుమతి తీసుకోవడమంటే కోయ భాష తెలిసిన మనిషి, తండ్రి పొలం నుంచి వచ్చేదాకా ఆగే ఓపిక, రెండోసారి వెళ్లడానికి జీపు. అవన్నీ బడ్జెట్‌లో ఉండాల్సిన అంకెలు.

మీ అధ్యయనంలో పసికందు ఐసీయూలో ఉన్నప్పుడు తల్లి సంతకం పెడుతుంది. ఆ పరిస్థితిలో ఆమె ఏ కాగితం మీదైనా పెడుతుంది. కాబట్టి చికిత్సకు, పరిశోధనకు వేర్వేరు మనుషులు మాట్లాడేలా కౌన్సెలర్ పోస్టులు పెట్టండి. బిడ్డ కోలుకున్నాక మరోసారి అడిగి నిర్ధారించుకునేలా ప్రొటోకాల్ రాయించండి.

ఇక చివరి ప్రశ్న, కంపెనీ అడుగుతున్న పూర్తి హక్కు. ఇవ్వకండి. కిట్ తయారీకి కావలసినంత వరకు, నిర్ణీత కాలానికి ప్రత్యేక హక్కు ఇవ్వడం న్యాయమే, వాళ్లూ డబ్బు పెడుతున్నారు. కానీ శాంపిళ్లు మీ ఆసుపత్రి అధీనంలో, మీ ఎథిక్స్ కమిటీ పర్యవేక్షణలో ఉండాలి. బిడ్డ పెద్దయ్యాక ఆ శాంపిలు వాడకానికి తానే మళ్లీ అనుమతి ఇవ్వాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. శాంపిలు కంపెనీ చేతికి వెళ్లిపోతే ఆ మాట ఎవరు నిలబెడతారు? హక్కుకు రెండు షరతులు కట్టండి. ప్రభుత్వ ఆసుపత్రులకు గరిష్ఠ ధర ఇంత అని అంకెలో ఉండాలి, రోటావాక్‌కు ఉన్నట్టు. ట్రయల్ ముగిశాక రెండేళ్లలో కిట్ మార్కెట్‌లోకి తేకపోతే హక్కు రద్దయి, ప్రభుత్వ సంస్థ మరో తయారీదారుకు ఇవ్వగలగాలి. ధర షరతుకు కంపెనీ బెట్టు చేస్తే, ఎన్ని కిట్లు కొనుగోలైతే ఆ ధరకు ఇవ్వగలరో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ అంకె పట్టుకుని ప్రభుత్వ సంస్థ డైరెక్టరు గారితో కలిసి ఆరోగ్య శాఖకు వెళ్లండి. చర్చ అక్కడే మొదలవ్వాలి, ఐదేళ్ల తర్వాత కాదు.

బడ్జెట్ పట్టికలో నాలుగు, ఐదు సంవత్సరాల గడులు నింపి మళ్లీ రాయండి, జీతాల వరుస, ప్రయాణాల వరుస నేను చూసి చెబుతాను. ఆ గడులు ఖాళీగా ఉన్నంతవరకు సంతకాల తేదీ వాయిదా వేయించండి. ఒక నెల ఆలస్యమైతే సీఎస్‌ఆర్ డబ్బు ఎక్కడికీ పోదు.